నదీజలాలలో మందులకు లొంగని బాక్టీరియా: కొలిస్తేనే కట్టడి సాధ్యం

(ప్రత్యేక వ్యాసం)

ఒకప్పుడు అయిదు రోజుల మాత్రలతో నయమైన మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, పుండ్లు, బాలింత జ్వరాలు నేడు కొందరిలో రెండు మూడు మందులు మార్చినా తగ్గడం లేదు. రోగికి ఇచ్చే యాంటీబయాటిక్ మందుకు బాక్టీరియా లొంగకపోవడమే ఇందుకు కారణం. 2022 జనవరిలో 'లాన్సెట్' వైద్య పత్రిక ప్రచురించిన అంచనా ప్రకారం, మందులకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమై 2019 సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది మరణించారు. ఈ బాక్టీరియాతో ఏదో ఒక విధంగా సంబంధమున్న మరణాలు 49.5 లక్షలు.

ఈ సమస్యకు ఆసుపత్రులలోను, మందుల దుకాణాలలోను ఉన్న మూలాలపై చాలాకాలంగా చర్చ జరుగుతోంది. వైద్యుని చీటీ లేకుండా మందులు కొనడం, మోతాదు పూర్తి చేయకుండా మానివేయడం, జలుబు వంటి వైరస్ వ్యాధులకు యాంటీబయాటిక్ వాడడం అందరికీ తెలిసిన పొరపాట్లే. అయితే సమస్యకు మరొక మూలం కూడా ఉంది. అది మన ఊరి పక్కన పారే వాగు, చెరువు, నది. ఈ అంశంపై ప్రపంచ శాస్త్రలోకం దృష్టిని ఆకర్షించిన పరిశోధనలలో ముఖ్యమైనవి హైదరాబాద్ పరిసరాలలో జరిగినవే. ఆ పరిశోధనల సారాంశాన్ని, వాటి నుంచి పాలనాయంత్రాంగం గ్రహించవలసిన విషయాలను పాత్రికేయులకు, అధికారులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

'నిరోధకత' అనే మాట

ముందుగా ఒక పదాన్ని గురించి చెప్పుకోవలసి ఉంది. తెలుగు పాఠకునికి 'రోగనిరోధక శక్తి' అనగానే శరీరానికి ఉండవలసిన మంచి గుణం స్ఫురిస్తుంది. అందువల్ల 'యాంటీబయాటిక్ నిరోధకత పెరిగింది' అని శీర్షిక పెడితే, అది శుభవార్త అని భ్రమపడే అవకాశం ఉంది. ఇక్కడ నిరోధకత సంపాదించుకుంటున్నది మనిషి కాదు, బాక్టీరియా. మనిషి శరీరం మందుకు 'అలవాటు పడిపోయింది' అని వ్రాయడం కూడా సరికాదు. ఎన్నడూ యాంటీబయాటిక్ వాడని పసిబిడ్డకు సైతం అప్పటికే మందుకు లొంగని బాక్టీరియా సోకవచ్చు. ఆ బిడ్డ శరీరానికి మందుతో పరిచయమే లేదు. పరిచయమున్నది ఆ బాక్టీరియాకు. కాబట్టి 'మందులకు లొంగని బాక్టీరియా' అనే మాట సామాన్య పాఠకునికి మరింత స్పష్టంగా ఉంటుంది.

బాక్టీరియా మందును ఎదుర్కొనే తీరు

యాంటీబయాటిక్కులలో అనేకం ప్రకృతి నుంచి గ్రహించినవే. మట్టిలో ఒక సూక్ష్మజీవి తన పొరుగు సూక్ష్మజీవులను అదుపులో ఉంచేందుకు విడుదల చేసే రసాయనాన్నే మనిషి మందుగా మలచుకున్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు నేతృత్వం వహించిన కాలంలోనే, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ వెలుగుచూసింది. దానిని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనుగొన్న శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. 1948లో ఆ మందు లోకానికి వెల్లడైంది.

మట్టిలో ఆయుధం ఉన్నదంటే, మట్టిలోనే కవచం కూడా ఉన్నదని అర్థం. మందును తట్టుకునే జన్యువులు ప్రకృతిలో అనాదిగా ఉన్నాయి. కొన్ని బాక్టీరియా మందును ముక్కలు చేసే ఎంజైమును తయారుచేస్తాయి. కొన్ని లోపలికి వచ్చిన మందును పంపువలె బయటకు తోడివేస్తాయి. మరికొన్ని మందు వచ్చి అంటుకునే భాగాన్ని మార్చివేస్తాయి, లేదా మందు లోపలికి రాకుండా ద్వారాలను మూసివేస్తాయి. ఇవన్నీ పాత విద్యలే. కొత్తగా వచ్చినది మనిషి నీటిలోకి వదులుతున్న మందు పరిమాణం.

ఒక నీటి గుంటలో కోటి బాక్టీరియాలు ఉండి, వాటిలో పది మాత్రమే మందును తట్టుకోగలవని అనుకుందాం. మందు లేనంత కాలం ఆ పదికి ప్రత్యేకమైన లాభమేమీ లేదు. మందు అవశేషం వచ్చి చేరితే మిగిలినవి నశిస్తాయి లేదా వాటి పెరుగుదల మందగిస్తుంది. ఖాళీ అయిన చోటును, ఆహారాన్ని ఆ పదీ ఆక్రమించుకుంటాయి. ఈ ప్రక్రియకు మందు చంపేటంత మోతాదులో ఉండనవసరం లేదు. పెరుగుదలను కొద్దిగా తగ్గించేటంత స్వల్ప మోతాదు కూడా తట్టుకోగల బాక్టీరియావైపే మొగ్గు చూపుతుందని ప్రయోగశాల పరిశోధనలు నిరూపించాయి. తక్కువ మోతాదు వల్ల కలిగే ఈ ప్రమాదాన్ని పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి స్వీకరిస్తూ చేసిన ప్రసంగంలోనే హెచ్చరించారు.

మరొక విశేషం కూడా గమనించదగినది. మనిషి తన లక్షణాలను సంతానానికి మాత్రమే ఇవ్వగలడు. బాక్టీరియా పక్కనున్న పరాయి జాతి బాక్టీరియాకు కూడా ఇవ్వగలదు. 'ప్లాస్మిడ్' అనే చిన్న డీఎన్ఏ వలయంపై నిరోధక జన్యువులు చేరి, ఒక కణం నుంచి మరొక కణంలోకి వెళ్లిపోతాయి. ఒకే ప్లాస్మిడ్‌పై నాలుగయిదు మందులను తట్టుకునే జన్యువులు కలిసి ఉండడం కూడా కద్దు. కాబట్టి వాగులోని నిరపాయకరమైన బాక్టీరియా వద్దనున్న జన్యువు, మనిషికి రోగం కలిగించే బాక్టీరియా చేతికి చిక్కే అవకాశం ఉంది.

నది ఎందుకు కీలకం?

ఈ జన్యు మార్పిడి జరగాలంటే రకరకాల బాక్టీరియాలు ఒకచోట కలవాలి, వాటికి ఆహారం దొరకాలి, మందు అవశేషం ఉండాలి. ఈ మూడూ ఒకేచోట సమకూరే స్థలం కలుషితమైన నది. అందులోకి ప్రధానంగా మూడు మార్గాల నుంచి వ్యర్థాలు చేరుతున్నాయి.

మొదటిది ఇళ్ల నుంచి, ఆసుపత్రుల నుంచి వచ్చే మురుగునీరు. మనిషి మింగిన యాంటీబయాటిక్‌లో గణనీయమైన భాగం మార్పు చెందకుండానే మలమూత్రాల ద్వారా బయటకు పోతుంది. దానితోపాటు పేగులలోని బాక్టీరియా కూడా పోతుంది.

రెండవది పశుపోషణ, కోళ్ల పెంపకం, రొయ్యలు, చేపల సాగు. కోళ్లు త్వరగా బరువు పెరగడానికి మేతలో కలిపిన మందులు ఎరువు ద్వారా పొలాలకు, కాలువలకు చేరుతాయి. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్ మందును ఆహారం కోసం పెంచే జంతువులకు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో నిషేధం విధించడానికి ఈ ప్రమాదమే కారణం.

మూడవది ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలు. మొదటి రెండు మార్గాలలో మందు స్వల్ప మోతాదులో, విస్తారమైన ప్రాంతంలో చేరుతుంది. మూడవ మార్గంలో కొద్ది చోట్ల మాత్రమే చేరినా, ఆ మోతాదు మిగిలినవాటితో పోల్చలేనంత ఎక్కువగా ఉండవచ్చు.

పటాన్‌చెరు నేర్పిన పాఠం

1960వ దశకంలో ఐడీపీఎల్ రాకతో హైదరాబాద్ ఔషధ రంగంలో తొలి అడుగులు వేసింది. అక్కడ పనిచేసి అనుభవం గడించిన నిపుణులు అనేకమంది సొంత పరిశ్రమలు స్థాపించారు. కాలక్రమంలో పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల వంటి పారిశ్రామికవాడలు బల్క్ డ్రగ్ ఉత్పత్తికి దేశంలోనే ప్రధాన కేంద్రాలయ్యాయి. వేలాది కుటుంబాలకు ఉపాధి లభించింది. ప్రపంచంలోని పేద దేశాలకు సైతం చౌకగా మందులు అందాయి. అదే సమయంలో వాగులు రంగు మారాయి, పంటలు దెబ్బతిన్నాయి, బావుల నీరు తాగడానికి పనికిరాకుండా పోయింది. ఈ కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. దశాబ్దాలపాటు సాగిన ఈ వ్యాజ్యంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో తీర్పు వెలువరించింది.

2007లో స్వీడన్‌కు చెందిన గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. సుమారు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలు వచ్చి చేరే పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అనంతరం బయటకు వచ్చే నీటిని వారు పరీక్షించారు. అందులో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలింది. కొన్ని రకాల బాక్టీరియాకు హాని కలిగించే స్థాయికి ఇది వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ.

నాడు ఆ కేంద్రం నుంచి రోజుకు సుమారు 15 లక్షల లీటర్ల నీరు వెలువడేది. ఆ లెక్కన ఒక్కరోజులో బయటకు పోయిన సిప్రోఫ్లోక్సాసిన్ దాదాపు 45 కిలోలు. యావత్ స్వీడన్ దేశం సగటున అయిదు రోజులలో వాడే మందుతో ఇది సమానమని పరిశోధకులు పేర్కొన్నారు. దీనినే 500 మిల్లీగ్రాముల మాత్రలుగా లెక్కిస్తే రోజుకు దాదాపు 90 వేల మాత్రలు. అవి ఏ రోగికీ చేరలేదు; వాగులోని బాక్టీరియాకు చేరాయి.

2009లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో ఆ పరిసరాలలోని చెరువులలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు, ఆరు గ్రామాల బావి నీటిలో సైతం మందుల అవశేషాలు ఉన్నట్లు వెల్లడైంది. 2011లో పరిశోధకులు వ్యర్థజలాలు కలిసే చోటుకు ఎగువన, దిగువన నది అడుగున పేరుకున్న బురదను సేకరించి అందులోని డీఎన్ఏను విశ్లేషించారు. దిగువన బురదలో పలు రకాల మందులను తట్టుకునే జన్యువులు, వాటిని ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి చేరవేసే జన్యు వాహకాలు అధికంగా కనిపించాయి. 2013లో వెలువడిన ఇంకొక అధ్యయనంలో శుద్ధి కేంద్రం నుంచి వేరుచేసిన 93 బాక్టీరియా రకాలలో 86 శాతం, ఇరవై లేదా అంతకు మించిన యాంటీబయాటిక్కులకు లొంగలేదు.

ఈ ఫలితాలను ఒక్క ప్రాంతానికి పరిమితం చేసి చూడరాదు. ఆ వ్యర్థజలాలు చేరిన ఇసకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో కలుస్తాయి. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో సంగమిస్తుంది. దూరం పెరిగేకొద్దీ మందు పలచబడుతుంది. కానీ బాక్టీరియా ప్రాణి గనుక అనుకూలమైన చోట మళ్లీ వృద్ధి చెందగలదు. రసాయన కాలుష్యానికి, ఈ కాలుష్యానికి ఉన్న ముఖ్యమైన తేడా ఇదే.

మూసీ, యమున, గంగ

తరువాతి కాలంలో పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీటిని సుమారు 18 కిలోమీటర్ల పైపులైను ద్వారా నగర మురుగునీటి వ్యవస్థకు అనుసంధానించి, అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి మళ్లించారు. దీనివల్ల ఇసకవాగుపై భారం తగ్గింది. అయితే ఔషధ వ్యర్థజలం, కోటిమందికి చేరువైన నగరపు మురుగునీరు ఒకేచోట కలవడం వల్ల కొత్త ప్రశ్నలు తలెత్తాయి. అంబర్‌పేటలో శుద్ధి అయిన నీరు చేరేది మూసీ నదికే.

2016 నవంబరులో హైదరాబాద్ నగరం, పరిసరాలలోని పారిశ్రామికవాడలు, మూసీ నది, శుద్ధి కేంద్రాల చుట్టుపక్కల నుంచి జర్మన్ పరిశోధకులు 28 నీటి నమూనాలు సేకరించారు. వాటిలో 95 శాతానికి పైగా నమూనాలలో శక్తిమంతమైన మందులకు సైతం లొంగని బాక్టీరియా కనిపించినట్లు 2017లో ప్రకటించారు. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, నగరం దాటిన తరువాత పశుగ్రాసానికి, వరి పొలాలకు నీరందిస్తూ వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కనుక నగరం వదిలిన నీటితో దిగువనున్న రైతులకు, పశువులకు నిత్యసంబంధం ఉంది.

ఔషధ పరిశ్రమలు లేనిచోట కూడా సమస్య లేకపోలేదు. 2011లో ప్రచురితమైన ఢిల్లీ అధ్యయనంలో, అత్యంత కీలకమైన మందులను నిర్వీర్యం చేసే ఎన్‌డీఎం-1 జన్యువు 171 వీధి నీటి నమూనాలలో 51 చోట్ల, 50 కుళాయి నీటి నమూనాలలో 2 చోట్ల కనిపించింది. రుషికేశ్, హరిద్వార్ వద్ద గంగానదిలో యాత్రికుల రద్దీ కాలంలో ఇదే జన్యువు మామూలు రోజులకంటే అనేక రెట్లు పెరుగుతోందని ఢిల్లీ ఐఐటీ, బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో వెల్లడించారు. అక్కడ కారణం పరిశ్రమ కాదు. జనసంఖ్యకు తగిన పారిశుధ్య సదుపాయాలు లేకపోవడం.

పరీక్షలలో కనిపించని కాలుష్యం

నీటి నాణ్యతను మనం సాధారణంగా బీఓడీ, సీఓడీ, ఆమ్లక్షార స్థాయి, కరిగిన లవణాలు మొదలైన ప్రమాణాలతో కొలుస్తాము. బీఓడీ, సీఓడీ నీటిలోని సేంద్రియ పదార్థపు భారాన్ని సూచిస్తాయి. ఇవి అవసరమైన పరీక్షలే. కానీ నీరు ఈ పరీక్షలన్నింటిలో ఉత్తీర్ణమైనా, అందులో బాక్టీరియాను ప్రభావితం చేయగల మందు మిగిలి ఉండవచ్చు. సేంద్రియ భారాన్ని మిల్లీగ్రాములలో కొలుస్తుండగా, యాంటీబయాటిక్ ప్రభావం మైక్రోగ్రాములలోనే, అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతు పరిమాణాలలోనే మొదలవుతుంది. నిరోధకతను ప్రోత్సహించకుండా ఉండాలంటే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 0.064 మైక్రోగ్రాములకు మించరాదని 2016లో శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. 2007 నాటి పటాన్‌చెరు నమూనాలోని గరిష్ఠ స్థాయి దీనికి నాలుగున్నర లక్షల రెట్లకు పైమాటే.

ఈ లోటును పూరించేందుకు కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ 2020 జనవరిలో ఒక ముసాయిదా నోటిఫికేషన్ విడుదల చేసింది. ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలలో 121 యాంటీబయాటిక్కులకు గరిష్ఠ పరిమితులు అందులో ప్రతిపాదించారు. అయితే 2021 ఆగస్టులో వెలువడిన తుది నోటిఫికేషన్‌లో ఈ పరిమితులకు చోటు దక్కలేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాల నిర్వహణపై తొలిసారిగా మార్గదర్శకాలు ప్రచురించింది. నిరోధకత పెరగకుండా పాటించవలసిన లక్ష్యాలు వాటిలో ఉన్నాయి. భారత ప్రభుత్వం 2017లో ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక, 2025 నవంబరులో విడుదల చేసిన రెండవ ప్రణాళిక మానవ ఆరోగ్యం, పశు ఆరోగ్యం, పర్యావరణం అనే మూడింటినీ కలిపి చూడవలసిన అవసరాన్ని గుర్తించాయి.

శాఖల సమన్వయం

నది ఏ ఒక్క శాఖకూ చెందినది కాదు. పరిశ్రమల వ్యర్థజలాలను కాలుష్య నియంత్రణ మండలి, మురుగునీటిని పురపాలక సంస్థలు, మందుల విక్రయాన్ని ఔషధ నియంత్రణ విభాగం, పశువుల మందులను పశుసంవర్ధక శాఖ, రోగుల వివరాలను వైద్య ఆరోగ్య శాఖ పర్యవేక్షిస్తాయి. ఒక శాఖ వద్ద ఉన్న సమాచారం మరొక శాఖకు చేరనప్పుడు సమస్య ఎవరికీ పూర్తిగా కనిపించదు. ఒక ప్రాంతపు ఆసుపత్రులలో ఏ మందుకు బాక్టీరియా లొంగడం లేదో తెలిపే వివరాలను, అదే ప్రాంతపు వాగు నీటి పరీక్షలతో పోల్చి చూస్తే జోక్యం ఎక్కడ అవసరమో బోధపడుతుంది.

పరిశ్రమలో మందు అవశేషాన్ని పుట్టినచోటే తొలగించడం అన్నింటికన్నా మేలు. గాఢంగా ఉన్న వ్యర్థాన్ని వేరుగా సేకరించి నిర్వీర్యం చేయడం సులభం. లక్షల లీటర్ల మురుగునీటిలో కలిసిన తరువాత దానిని ఏరివేయడం కష్టం, ఖర్చు కూడా ఎక్కువ. ఆసుపత్రుల మురుగునీటికి ప్రత్యేక శుద్ధి, గృహాల మురుగునీరు శుద్ధి కాకుండా నాలాలలో కలవకుండా చూడడం, శుద్ధి కేంద్రాల నుంచి తీసిన బురదను పరీక్షించకుండా పొలాలకు ఎరువుగా ఇవ్వకపోవడం మిగిలిన చర్యలు. మరుగుదొడ్డి నిర్మాణం, మంచినీటి సరఫరా, టీకాలు కూడా ఈ పోరాటంలో భాగమే. రోగం రాకుంటే మందు అవసరం రాదు. మందు వాడకుంటే అవశేషం నదికి చేరదు.

వార్త వ్రాసేటప్పుడు

ఈ విషయంపై వార్తలు వ్రాసే పాత్రికేయులు కొన్ని అంశాలను గమనించవలసి ఉంది. మిల్లీగ్రాము, మైక్రోగ్రాముల మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంది. ఒక్క అక్షరం తారుమారైతే వార్తే తారుమారవుతుంది. నీటిలో మందు ఉన్నదని చెప్పడం వేరు, మందుకు లొంగని బాక్టీరియా ఉన్నదని చెప్పడం వేరు, ఆ నీటివల్ల ఫలానా వ్యక్తికి రోగం వచ్చిందని చెప్పడం వేరు. మొదటి రెండింటికి ప్రయోగశాల ఆధారాలు సరిపోతాయి. మూడవదానికి రోగి నుంచి, నీటి నుంచి తీసిన బాక్టీరియాను పోల్చి చూడాలి. నమూనా ఏ సంవత్సరంలో, ఏ చోట తీసినదో తప్పక పేర్కొనాలి. 2007 నాటి అంకెను నేటి అంకెగా వ్రాస్తే పాఠకుడు తప్పుదోవ పడతాడు; ఆనాటి సంగతి అని కొట్టివేస్తే నేర్వవలసిన పాఠం మరుగునపడుతుంది.

ప్రజలలో అనవసర భయాందోళనలు కలిగించరాదు. మందుకు లొంగని బాక్టీరియా సైతం నీటిని బాగా మరిగిస్తే నశిస్తుంది. తగిన మోతాదులో క్లోరిన్ కలిపినా అదుపులోకి వస్తుంది. యాంటీబయాటిక్కును తట్టుకునే కవచం వేడిమి నుంచి దానిని కాపాడలేదు. నీటిని కాచి తాగడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం, కూరగాయలను శుభ్రమైన నీటితో కడగడం వంటి పాత జాగ్రత్తలకు విలువ నేటికీ తగ్గలేదు.

2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో ప్రపంచ దేశాలు, ఈ బాక్టీరియాతో సంబంధమున్న మరణాలను 2030 నాటికి 10 శాతం తగ్గించాలని తీర్మానించాయి. ఆ లక్ష్యాన్ని చేరే దారి ఆసుపత్రి వార్డుతోపాటు నది ఒడ్డు మీదుగా కూడా వెళుతుంది. కొత్త యాంటీబయాటిక్ తయారుకావడానికి ఏళ్లు పడుతుంది, అపారమైన వ్యయమవుతుంది. చేతిలో ఉన్న మందుల శక్తిని కాపాడుకోవడం అంతకంటే సులభం. అందుకు తొలిమెట్టుగా, మన వాగులలో, నదులలో ఏ మందు ఎంత ఉన్నదో క్రమం తప్పకుండా కొలవాలి. కొలిచిన అంకెలు ఏటేటా ప్రజల ముందుకు వస్తే, ఏ చర్య ఫలించిందో, ఏది ఫలించలేదో అధికారులకు, పాత్రికేయులకు, నదీతీర గ్రామాల ప్రజలకు ఒకేసారి తెలుస్తుంది.